మిరపకాయల మండీలో సాధకం

మా మామ, అమ్మ తమ్ముడు, పోయాడన్న సంగతి నాకు బడిలో ఉండగా తెలిసింది. ధర్మవరానికి పట్టుచీరల బేరానికి వచ్చిన హిందూపురం షావుకారు ఒకాయన రైలు దిగీ దిగగానే నేరుగా బడికి వచ్చాడు. పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. ఆయన చెప్పులు వాకిట్లో విప్పి, చేతులు కట్టుకుని నిలబడినప్పుడే నాకు సగం అర్థమైపోయింది.

"టీచరమ్మా, మీ మామ తెల్లారకముందే పోయినాడు. నీకు చెప్పమని మీ అత్త చెప్పి పంపింది. మద్యానం రైలుకు పోతే చూపు దొరుకుతాది," అన్నాడు.

నేను అక్కడ ఏడవలేదు. పిల్లలను పక్క తరగతి పంతులమ్మకు అప్పజెప్పి స్టేషనుకు నడిచాను. రైల్లో కూడా ఏడవలేదు. పెనుకొండ వచ్చి, కిటికీలోంచి కొండ కనబడ్డాక మాత్రం ఆగలేదు. పుట్టిన ఊరని కాదు. మామ జీవితంలో జరగవలసిన ఒకే ఒక్క పని జరగకుండా పోయింది ఆ ఊళ్ళోనే.

మీలో చాలామందికి ఆయన తెలియడు. పదిమందికి తెలిసే పని ఏదీ ఆయన చేయలేదు. హిందూపురం బజారులో చింతపండు, ఎండుమిరపకాయల మండీ నడిపాడు. బతికినంతకాలం ఒక్క కచేరీ చేయాలనుకున్నాడు. పెద్ద పట్నంలో కాదు, పెనుకొండ శ్రీరామనవమి పందిట్లో, తెలిసినవాళ్ళ ముందే. అది చేయకుండానే పోయాడు. నేను రాయబోయేదంతా ఇంతే. ఇందులో ఓదార్పు ఏమైనా దొరుకుతుందేమోనని చదివేవాళ్ళు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

మామకు పెళ్ళి కాకముందు సంగతి అమ్మ చెప్పేది. నవమి ఉత్సవాల్లో పాడడానికి మైసూరు వైపు నుంచి ఒక పెద్ద విద్వాంసుడు పెనుకొండకు వచ్చాడట. విడిది మా ఇంట్లోనే. మేడమీద గది ఆయనకిచ్చి, కావలసినవి చూసుకోమని మామను హిందూపురం నుంచి పిలిపించారు. మామకు అప్పటికే పాటంటే ప్రాణం. గొంతు కూడా బాగుండేదట. ఉత్సవాలు జరిగినన్నాళ్ళూ ఆ విద్వాంసుడు ఎప్పుడు లేస్తాడు, ఏం తింటాడు, పాట ఎట్లా మొదలుపెడతాడు, ఎక్కడ ఆపుతాడు, అన్నీ మామ కళ్ళార్పకుండా చూశాడు. రాత్రి కచేరీకంటే పొద్దున్నే మేడమీద జరిగే సాధకమే ఆయనకు ఎక్కువ పట్టింది.

"పాట ఆ స్వామిది పాపా, అది మనకు యాడ వస్తాది. అలవాట్లు అట్ల కాదు. అవి ఎవరైనా పెట్టుకోవచ్చు," అనేవాడు నాతో.

పెట్టుకున్నాడు. తెల్లవారకముందే లేచేవాడు. వెనక గదిలో కిటికీ కింద అదే చాప, అదే చోటు. ముందు తంబురా శ్రుతి చేసుకుని, కింది స్థాయిలో గొంతు విప్పేవాడు. పాటలో ఒక పంక్తి ఎత్తుకుంటే అది కుదిరేదాకా రెండో పంక్తి జోలికి పోయేవాడు కాదు. మనసు బాగలేని రోజు, జ్వరం తగిలిన రోజు, బేరం చెడి ఇంట్లో అందరూ మొహాలు వేలాడేసుకున్న రోజు, పాడకపోయినా సరే తంబురా ముందు కూర్చుని లేవాలి. ఇంకా పాడాలని ఉండగానే ఆపాలి. పెరుగు లేదు, ఊరగాయ లేదు, పులుపు అసలే లేదు. చింతపండు మండీ షావుకారు విస్తట్లో చారు పడదని బజారంతా నవ్వుకునేది. అత్త మాత్రం ఆయనకు వేరే వంట చేసీ చేసీ ఆ నవ్వులో ఎప్పుడూ కలవలేదు.

అయితే నోట్లోకి పోనివ్వని పులుపూ కారమూ ముక్కులోంచి పోతూనే ఉండేవి. మండీ అంటే ఇంటి ముందరి భాగమే. మిరపకాయల మూటలు విప్పి రాశి పోస్తే ఘాటు వంటింటిదాకా వచ్చేది. మడకశిర వైపు నుంచి బండ్లు తోలుకొచ్చిన రైతులు సగం కన్నడంలో, సగం తెలుగులో బేరమాడుతూ మధ్యలో తుమ్మేవాళ్ళు. మామ పైపంచె ముక్కుకు చుట్టుకుని ఆ రాశుల నడుమ పొద్దు గుంకేదాకా కూర్చునేవాడు. మిరియాల పాలతో, అతిమధురంతో పొద్దున్నే నునుపు చేసుకున్న గొంతును పగలంతా ఆ దుమ్ములో పెట్టేవాడు. ఇది మాకెవరికీ తోచలేదు. ఆయనకూ తోచలేదు. ఆ విద్వాంసుడి అలవాట్లలో మిరపకాయల ఊసు లేదు కదా.

నేను ఆ ఇంటికి వచ్చింది నా బతుకు తెల్లారిపోయాక. పెళ్ళయిన ఏడాదికే నా భర్త విషజ్వరంతో పోయాడు. పెనుకొండలో మా ఇంట్లో మూలన కూర్చున్న నన్ను మామ వచ్చి లేవదీశాడు. అందుకు నాయనతో మాటా మాటా అనుకోవలసి వచ్చింది.

"ఏమప్పా, దాన్ని తీసకపోయి ఏం చేస్తావు?" అన్నాడు నాయన.

"చదివిచ్చి టీచరును చేస్తా బావా."

"నీ పాటే ఇంతవరకు ఒక కొసకు రాలేదు. దాని చదువు నువ్వు తెస్తావా?"

మామకు ఆ మాట తగిలింది. "దాని చదువన్నా రానీ," అని నా పెట్టె చేతికి తీసుకున్నాడు.

ప్రైవేటుగా మెట్రిక్ కట్టించాడు. నాకు చదువు మీద ధ్యాస ఏదీ? పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపించేవి కావు. మామ తిట్టలేదు, బుజ్జగించలేదు. తను తంబురా ముందు కూర్చునే వేళకే నన్నూ లేపి, ఆ గదిలోనే ఇంకో మూలన చాప వేశాడు.

"చదవాకు పాపా. ఊరికే పుస్తకం ముందర పెట్టుకోని కూచో. ఈ పొద్దుకు అంతే."

అట్లా ఊరికే ఎన్నాళ్ళు కూర్చున్నానో. ఒకనాడు కూర్చుని కూర్చుని విసుగొచ్చి ఒక లెక్క చేశాను. అది తప్పింది. మామ చూసి అడ్డంగా తల ఆడించి, మళ్ళీ అదే లెక్క చేయమన్నాడు. అది వచ్చేదాకా రెండో లెక్క ముట్టుకోనివ్వలేదు. తరవాత తరవాత నాకు చదువు రుచి తెలిసింది. సరిగ్గా ఊపు మీద ఉన్నప్పుడు వచ్చి పుస్తకం మూసేసేవాడు.

"చాల్లే. రేపటికి రోంత ఆకలి ఉండనీ."

నాకు ఒళ్ళు మండేది. మరునాడు మాత్రం ఆయన లేపకముందే లేచేదాన్ని. మెట్రిక్ అయింది, టీచరు ట్రైనింగు అయింది, ధర్మవరంలో ఉద్యోగం వచ్చింది. ఈవేళ నా కాళ్ళమీద నేను నిలబడి తింటున్న అన్నం ఆ వెనక గదిలో, ఎవరో మహా విద్వాంసుడి అలవాట్లతో పుట్టిన అన్నమే. మామకు ఎంత రుణపడి ఉన్నానో నాకు తెలుసు. తెలుసు కనకనే ఈ బాధ. అవే అలవాట్లు నాలాంటి మొద్దును గట్టెక్కించాయి. పాటంటే ప్రాణం పెట్టినవాణ్ణి నట్టేట ముంచాయి.

ఎందుకిట్లా అయిందని రైల్లో వస్తూ పోతూ చాలా ఆలోచించాను. నాకు దొరికిన జవాబు ఒకటే. పరీక్షకు తేదీ ఉంటుంది. సిద్ధంగా ఉన్నావా అని నన్నెవరూ అడగలేదు. గంట కొట్టారు, కూర్చుని వచ్చింది రాశాను. మామ పాటకు తేదీ వేసేవాళ్ళు లేరు. పైగా ఆ విద్వాంసుడి అలవాట్లలో చివరిది ఒకటుంది. పాట లోపల పండేదాకా పదిమందిలో పెట్టకూడదని ఆయన మేడమీద ఎవరితోనో అన్నాడట. మామ అన్నిటికంటే గట్టిగా పట్టుకున్నది దాన్ని.

ఆ మహానుభావుడి మీద నాకు కోపం. ఆయన ఆగితే చెల్లుతుంది. వద్దంటున్నా చేయి పట్టుకుని వేదిక మీద కూర్చోబెట్టే జనం ఉన్నారు, ముందే ఒప్పుకున్న కచేరీలున్నాయి, పల్లకీ పంపే ఊళ్ళున్నాయి. అంత లాగుడు ఉన్నవాడికి కాస్త ఆగడం కూడా అవసరమే. మా మామను లాగేదెవరు? మా నాయన ఏటా అడిగేవాడు, అదీ వేళాకోళానికి.

"ఏమప్పా, ఈ నవమికన్నా పాడతావా?"

"ఈ యేటికి కాదు బావా. రెండో చరణం ఇంకా నిలబడల్యా. వచ్చే యేడు చూద్దాం."

పందిట్లో అందరూ నవ్వేవాళ్ళు. మామ కూడా నవ్వేవాడు. వచ్చే యేడు మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. నేను టీచరునయ్యాను, మామ పిల్లలకు పెళ్ళిళ్ళయ్యాయి, తంబురాకు తీగలు ఎన్నిసార్లు మార్చారో. రెండో చరణం మాత్రం నిలబడలేదు.

ఆ తరవాత ఒక సంక్రాంతి వెళ్ళాక మామ ఉత్తరం రాశాడు, ఈ నవమికి పాడతానని. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ధర్మవరం నుంచి ముందురోజే పెనుకొండ చేరుకున్నాను. మామ తంబురాను కొత్త దుప్పట్లో చుట్టుకుని రైలు దిగాడు. దిగగానే "బాగుండావా పాపా" అన్నాడు. ఆ రెండు మాటల్లో గొంతు రెండుచోట్ల చీలింది. కొత్త మిరపకాయలు మండీకి వచ్చే కాలం అది. ఎప్పుడూ ఉండే జలుబేనని అందరమూ అనుకున్నాం.

పందిట్లో జనం నిండారు. మామ వేదికెక్కి కూర్చుని తంబురా శ్రుతి చేయడం మొదలుపెట్టాడు. చేస్తూనే ఉన్నాడు. ఒక తీగ బిగిస్తాడు, చెవి ఆనిస్తాడు, వదులు చేస్తాడు, మళ్ళీ బిగిస్తాడు. తంబురా శుద్ధంగా ఉంది. కలవనిది దానితో ఆయన గొంతే. పెదవులు కదపకుండా లోపల్లోపల షడ్జం అందుకోవాలని చూస్తున్నాడని నాకు ఒక్కదానికే తెలుస్తోంది. ముందు వరసలో నాయన గొంతు సవరించుకున్నాడు. ఎవరో వెనకనుంచి "మొదలుపెట్టప్పా, పానకం ఎండిపోతాంది," అన్నారు. జనం నవ్వారు. ఈసారి మామ నవ్వలేదు. తంబురాను నెమ్మదిగా పక్కన పడుకోబెట్టి, తరవాత పాడవలసిన భజన వాళ్ళకు దండం పెట్టి, "మీరు కానీయండప్పా. నాది కలవల్యా," అని దిగి వచ్చేశాడు.

నేను వెంట పరుగెత్తాను. అప్పటికే స్టేషను దారిన చాలా దూరం పోయాడు. నేను పిలుస్తున్నా వెనక్కి తిరగలేదు. ఆ రోజు ఒక్క పంక్తి, చీలిన గొంతుతోనైనా సరే, ఒక్క పంక్తి పాడి ఉంటే ఏమయ్యేదని ఇప్పటికీ అనుకుంటాను. ఎవరూ రాళ్ళు వేసేవాళ్ళు కాదు. అందరూ మనవాళ్ళే.

ఆ చీలిక ఎంతకీ తగ్గకపోతే బెంగళూరు తీసుకుపోయారు. ఆసుపత్రిలో గొంతులో గడ్డ అన్నారు. డాక్టరు చుట్ట తాగుతావా, పొగాకు నములుతావా అని అడిగాడు. ఏదీ లేదని అత్త చెప్పింది. ఏం వ్యాపారమని అడిగితే చెప్పింది. ఆయన అదొక్కటీ కాగితం మీద రాసుకున్నాడు. అప్పటికే మాట బాగా తగ్గిపోయింది, తరవాత పూర్తిగా పోయింది.

మొన్న నేను వెళ్ళేసరికి మామను బయట పడుకోబెట్టారు. మండీ తలుపులు మూశారు కానీ ఘాటు ఎక్కడికి పోతుంది, వచ్చినవాళ్ళందరి కళ్ళల్లోనూ నీళ్ళే. ఏవి ఏడుపు నీళ్ళో ఏవి మిరపకాయల నీళ్ళో చెప్పలేం. అత్త నా చేయి పట్టుకుంది.

"ఇన్నేండ్లు కాపరం చేసినా, ఆయప్ప నోట ఒక్క పాట పూరాగా ఇనల్యా పాపా నేను. తలుపు అవతల ఒక తునక, అంతే. ఆ చాప మీద కూచున్న పొద్దు నాతో రెండు మాటలు మాట్లాడింటే, ఆ గొంతన్నా నాకు గుర్తుండు," అంది.

పట్టుదల వృథా పోదని బడిలో పిల్లలకు చెబుతుంటాను. చెప్పేటప్పుడు ఈ మధ్య నా గొంతు నాకే నచ్చడం లేదు.

చివరిసారి ఆయనను ప్రాణంతో చూసింది పోయిన నెలలో. ఒక ఆదివారం పొద్దున వెళ్ళాను. వెనక గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మనిషి సగానికి సగమయ్యాడు. నన్ను చూసి, ఎదురుగా కూర్చోమని సైగ చేశాడు. కూర్చున్నాను. కుడిచెయ్యి తొడమీద పెట్టి తాళం వేయడం మొదలుపెట్టాడు. పెదవులు కదిలాయి. శబ్దం లేదు, గాలి తప్ప. ముందర మండీలో తూకం వేసేవాళ్ళ కేకలు వినిపిస్తున్నాయి. మామ ఆగలేదు. పల్లవి దాటాడు, ముందుకు పోయాడు, ఒకచోట కళ్ళు మూసుకున్నాడు, ఒకచోట మెడ నరాలు ఉబ్బాయి, ఒకచోట తనలో తనే మురిసిపోయాడు. ఆయన పాడుతున్నది మొత్తం పాట అని నాకు అప్పటికి అర్థమైంది. ఏ పాటో మాత్రం తెలియలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా, చివరిదాకా విన్నాను.

అయిపోయాక చెయ్యి ఆపి నావైపు చూశాడు.

"బాగుండాది మామా," అన్నాను.

తప్పు లెక్క చూసినట్టు అడ్డంగా తల ఆడించాడు. చెయ్యి మళ్ళీ తొడమీద పెట్టి, మొదటి నుంచి ఎత్తుకున్నాడు.