పామర్రులో మారిన పుట్టింటి చీర

కూచిపూడిలో మా అక్క మేడ మీద కొత్తగా రెండు గదులు వేసుకుని, కార్తీక మాసంలో సత్యనారాయణ వ్రతం పెట్టుకుంది. అద్దె కారు అతను రానూపోనూ మూడు వేలు అడిగాడు. నేను పత్రికలో ఉద్యోగం విరమించి ఏడాదైంది. అప్పటి నుంచి ఇంటి ఖర్చుల మీద కత్తెర నా భార్య సుభద్ర చేతిలో ఉంది.

"బస్సులు తిరగటం మానేశాయా?" అంది. ఇద్దరం ఐదు వందల్లో వెళ్లి రావాలని తీర్మానమైంది.

ఆదివారం ఉదయం ఆరు నలభైకి గుణదలలో సిటీ బస్సెక్కాం. ఏడుంబావుకి విజయవాడ బస్టాండులో మచిలీపట్నం వెళ్లే పల్లెవెలుగు దొరికింది. ఆడవాళ్లకి ఉచితం కాబట్టి సుభద్ర ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుంది. పామర్రుకి నా టికెట్టు అరవై రూపాయలు.

"చూశారా, ఖర్చంతా మీ వల్లే," అంది. టిఫిను కూడా ఇంటిదే. డబ్బాలో ఇడ్లీ, కారప్పొడి, ఫ్లాస్కులో కాఫీ. కంకిపాడు దాటాక బస్సులో కాస్త గాలి ఆడింది. పొలాల్లో వరి పసుపు తిరుగుతోంది. ఈ దారిని చూడాలంటే కార్తీకంలోనే వెళ్లాలి. కారులో కన్నా బస్సు కిటికీ ఎత్తు కాబట్టి పైరు దూరం దాకా కనిపిస్తుంది.

ఉయ్యూరు దగ్గర పడుతుండగా సుభద్ర చీర ఉన్న కవరు తీసింది, మడత నలిగిందేమోనని. అది అక్కకి పెట్టబోయే పుట్టింటి చీర. దాన్ని కట్టుకునే అక్క వ్రతానికి పీటల మీద కూర్చోవాలి. మడత మధ్య నుంచి చిన్న చీటీ జారిపడింది. "కూచిపూడి వదినగారు, అబ్బాయి పెళ్లి."

సుభద్ర మొహం వాడిపోయింది.

ఇక్కడ మా బీరువా సంగతి చెప్పాలి. శుభకార్యాల్లో మాకు పెట్టిన చీరలు, రవికె ముక్కలు సుభద్ర కట్టదు, కుట్టించదు. ఎవరు పెట్టారో చీటీ రాసి దాచి, వేరే ఇంటి కార్యానికి తీస్తుంది. ఎడమ దొంతర మా వైపు వాళ్లు పెట్టినవి, కుడి దొంతర సుభద్ర పుట్టింటి వైపు వాళ్లవి. మా వాళ్లకి వాళ్ల దొంతర నుంచి, వాళ్లకి మా దొంతర నుంచి వెళ్తాయి. క్రితం రోజు చీర తీసే పని నాకు అప్పగించింది.

"కుడి వైపు నుంచి తీయమన్నానా లేదా?"

"కుడే తీశాననుకున్నా."

"మూడేళ్ల క్రితం ఆవిడ పెట్టిన చీర ఆవిడకే తీసుకెళ్తున్నామండీ! ఇది విప్పగానే పోల్చేస్తారు. వాళ్ల అత్తవారి ముందు ఆవిడ పరువు ఏం కాను? జన్మలో నాతో మాట్లాడతారా?"

ముందు సీట్లో పెద్దావిడ వెనక్కి తిరిగింది. మచిలీపట్నంలో కూతురి ఇంటికి వెళ్తోందట. "ఏదీ, ఇలా ఇవ్వమ్మా," అని చీర అందుకుంది. చిలకపచ్చ మంగళగిరి నేత, ఎర్రంచు. వేళ్లతో నలిపి చూసి, "ఎంత బాగుందో! ఒక్కసారన్నా కట్టావా?" అని అడిగింది.

"లేదండీ. బాగుందనే దాచాను."

"బాగుంటే కడతారమ్మా, దాస్తారా? ఇది నువ్వు కట్టుకో. ఎర్ర జాకెట్టే ఉందిగా ఒంటి మీద. ఆవిడకి కొత్తది కొనుక్కెళ్లు."

"బడ్జెట్టు..." అన్నాను నేను.

"మీరుండండి బాబూ. చేసిందంతా మీరేగా," అంది పెద్దావిడ. చుట్టుపక్కల సీట్లలో ఆడవాళ్లంతా నవ్వారు. "పామర్రు సెంటర్లో బట్టల కొట్లు తొమ్మిదింటికి తీస్తారండీ," అన్నాడు కండక్టరు, అడక్కుండానే.

ఎనిమిదీ నలభై ఐదుకి పామర్రులో దిగాం. టీ పది రూపాయలు, బాగుంది. తొమ్మిదికి షట్టరు లేచింది. మాదే బోణీ. మామిడిపండు రంగు చీర పదహారు వందలు చెప్పాడు. సుభద్ర పదమూడు దగ్గర మొదలుపెట్టి పద్నాలుగు వందలకి తెచ్చింది. కొట్టాయన భార్య లోపలి గది చూపించి, కుచ్చిళ్లు సర్ది పంపింది. చిలకపచ్చ చీరలో బయటికొచ్చిన సుభద్రని చూసి, ఈ చీర బీరువాలో మూడేళ్లు ఏం చేసినట్టు అనుకున్నాను.

అక్కడి నుంచి కూచిపూడికి షేర్ ఆటో, మనిషికి ఇరవై. పదీ ఐదుకి చేరాం. పక్క వీధిలో పిల్లల నాట్య సాధన, కర్ర మీద తాళం వినిపిస్తోంది. వ్రతం పదిన్నరకి. అక్క గుమ్మంలోకి వచ్చి మా చేతిలోని కవరు వైపు చూడనే లేదు. నేరుగా సుభద్ర దగ్గరికి వచ్చి, ఆమె పమిట అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"ఇది నేను పెట్టిందే కదే అమ్మాయ్?"

"అవును వదినగారూ."

"ప్రతి ఫంక్షన్లోనూ కళ్లతో వెతికానే. నచ్చలేదేమో, ఎవరికన్నా పెట్టేసిందేమో అనుకున్నా. తిరిగి తిరిగి కొన్నానే ఆ చీర!"

తలూపి ఊరుకుంటే సరిపోయేది. సుభద్రకి అది చేతకాదు. "పెట్టేయబోయాను వదినగారూ. అదీ మీకే," అని బస్సులో జరిగిందంతా చెప్పేసింది. నేను తోరణాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూశాను. అక్క నా వైపు, చీర వైపు మార్చి మార్చి చూసింది. తర్వాత నవ్వు మొదలుపెట్టింది. కళ్లు తుడుచుకుని, "ఒరే తమ్ముడూ, నీకింకా కుడీ ఎడమా తెలీలేదట్రా!" అంది. మళ్లీ నవ్వు. పురోహితుడు గారు రెండుసార్లు పిలిస్తేగాని లోపలికి పోలేదు. మామిడిపండు చీర కట్టుకుని పీటల మీద కూర్చున్నాక కూడా సుభద్ర వైపు చూసి పెదవి బిగబట్టడం నేను చూశాను.

భోజనంలో పులిహోర, గోంగూర, ముక్కల పులుసు, పరమాన్నం. అక్క తనే సుభద్ర పక్కన విస్తరి వేయించుకుంది.

మూడున్నరకి బయల్దేరి పామర్రులో విజయవాడ బస్సెక్కాం. ఈసారి ఇద్దరికీ కలిసి సీటు దొరికింది. ఐదు వందల తీర్మానం చీర దగ్గరే ఎగిరిపోయిందిగానీ, కారు మాట్లాడి ఉంటే ఆ పెద్దావిడ దొరికేది కాదు, అక్క అంత నవ్వడం నేను వినేవాణ్ణి కాదు. ఉయ్యూరు దాటాక సాయంకాలపు ఎండ కిటికీలోంచి సుభద్ర ఒళ్లో పడింది. కుచ్చిళ్ల మీద రూపాయి బిళ్లంత పులుసు మరక ఉంది. చూస్తే బాధపడుతుందేమోనని నా చేతిసంచి అడ్డం పెట్టబోయాను.

"చూశాన్లెండి," అంది సుభద్ర. వేలితో దాన్ని ఒకసారి తడిమి, తృప్తిగా వెనక్కి వాలింది. "ఇక దీన్ని ఎవరికీ పెట్టడానికి లేదు."