మొసలి నోట్లో రంపాలు

మొన్న గీదంలో మా ఇంటి వెనక రేకుల కొట్టం సర్దుతూ, అటక మీది పాత గోనెసంచీని కిందికి లాగి మూతి విప్పానో లేదో, ఇప్పనూనె, తుప్పు, ఎండిన చింతపండు, టేకు పొట్టు అన్నీ కలిసిన వాసన గుప్పున ముఖానికి కొట్టింది. నేను అక్కడే నేల మీద చతికిలబడ్డాను. సంచీలో ఉన్నది నా చిన్నప్పుడు నాయన చేసిన రంపాల పట్టు. మూరెడు పొడవున్న రెండు టేకు చెక్కలు, కింద తోలు పట్టీతో కలిపి, పైన దవడల్లా మూసుకునేవి. నాయన దాన్ని బజారు మాటలో శికంజా అనేవాడు. అమ్మ మాత్రం మొసలి అనేది. సంచీ దులిపేసరికి, అప్పుడే కడిగిన గచ్చు మీద తుప్పు రాలింది. అమ్మ వచ్చి చూసింది, ఏమీ అనకుండా చీపురు తెచ్చి ఊడ్చుకుపోయింది. నాయన పోయినప్పటి నుంచీ అమ్మ అంతే, ఎవర్నీ ఒక్క మాట అనదు. వయసు మీద పడి మెత్తబడిందని మేమందరం అనుకున్నాం.

నా చిన్నప్పుడు భోపాల్‌పట్నంలో మా ఇల్లు బజారుకు కాస్త ఎడంగా ఉండేది. ఎండాకాలం తెల్లారేసరికి అడివి వైపు నుంచి ఇప్పపూల తియ్యటి మత్తువాసన, పొద్దెక్కాక వాకిలి నిండా ఎండబోసిన చింతపండు పులుపు, వానలు పట్టాక తడిసిన టేకు మొద్దుల ఘాటు, ఇలా ముక్కుతోనే కాలం తెలిసిపోయేది మాకు. నాయన వడ్రంగి. చిత్రిక పడుతుంటే పుట్టే సన్నటి పొట్టు చుట్టలు మాకు గాజులు, వంకీలు, ముక్కుపుల్లలు, పెళ్ళికూతురి జడలు. నాయన చేసిన తలుపు మూస్తే గాలి కూడా దూరదని బజారులో షావుకార్లు చెప్పుకునేవారు.

అలాంటి మనిషి ఒక ఎండాకాలం ఉన్నట్టుండి ఉలి, బాడిస పక్కన పడేసి, ఇకమీద తలుపులు చెయ్యను, పాత రంపాలు బాగుచేస్తాను అన్నాడు. ఇల్లంతా నోరు వెళ్ళబెట్టింది. పొయ్యి దగ్గర కూచున్న నానమ్మ, కొడుక్కి గాలి సోకిందేమోనని దిష్టి తీసింది. నాయన అవేమీ పట్టించుకోకుండా, ద్వారబంధానికని దాచుకున్న మంచి టేకును కోసేసి ఈ పట్టు చేశాడు. రంపాన్ని వట్టి చేత్తో పట్టుకుని ఆకురాయితో రాస్తే రేకు వణికి కీచుమంటుంది, పళ్ళు సమంగా పదునెక్కవు. బజారులో దొరికే ఇనప వైసు చిన్నది, పొడవాటి రంపం మధ్యలోనే పట్టుబడి రెండు కొసలూ ఊగుతాయి. అందుకని నాయన చెక్కల అంచులకు పాత చెప్పుల తోలు అతికించి, రంపాన్ని వాటి మధ్య పళ్ళు మాత్రం పైకి కనబడేలా దించి, పక్కన చెక్క చీలిక దిగ్గొట్టి బిగించేవాడు. అప్పుడిక కీచుమనదు, ఆకురాయి గుర్రుగుర్రుమని సన్నగా పలుకుతుంది.

ఉసూరు వైపు నుంచి, ఇంద్రావతి ఒడ్డు పల్లెల నుంచి, పిడులు విరిగినవీ, తుప్పు పట్టి బెల్లం అచ్చులా ఎర్రబడ్డవీ ఎన్ని రంపాలొచ్చేవో! నాయన తడి చింతపండు పూసి నానబెట్టి, ఇటుకపొడితో తోమి, ముందు పళ్ళ కొసలన్నీ ఒక మట్టానికి తెచ్చి, తర్వాత మూడు పలకల ఆకురాయిని పన్ను విడిచి పన్ను సందులో ఆనించి రాసేవాడు. ఒక వైపు అయ్యాక రంపాన్ని తిప్పి బిగించి, విడిచిన పళ్ళ పని పట్టేవాడు. చివర్న ఇప్పనూనె పూస్తే ఆ రేకులో మా ముఖాలు కనబడేవి.

అమ్మ నోరు మాత్రం పొద్దున లేస్తే మూతపడేది కాదు. "ఏందయ్యా, పులుసుల ఏసే చింతపండు తుప్పుకు పూస్తవా? నీ ఎడమ చేతి కాడనే చెంబున్నది, తన్నేవు!" అని ఒకసారి. "తలుపుల నిండు బిందె పెట్టిన, గోడ పొంటి నడువు, మొగోడివి గంత ఎరుక లేకపోతే ఎట్ల?" అని ఇంకోసారి. ఆకురాయి కనబడకపోతే "నీ మోకాలి కిందనే పడేసుకొని ఊరంత ఎతుకుతున్నవ్!" అని విరుచుకుపడేది. నాయన నవ్వి ఊరుకునేవాడు. అంత నెమ్మది మనిషికి ఇంత గయ్యాళి దొరికిందేమిటా అని నాకు అమ్మ మీద పీకలదాకా కోపం వచ్చేది.

సంతకు పోయేటప్పుడు నాయన నన్నే తీసుకుపోయేవాడు. నా భుజం మీద చెయ్యి వేసి నడిచేవాడు. ఎదురైనవాళ్ళతో దోర్లీలోనో గోండీలోనో హిందీలోనో పలకరింపులయ్యాక, "ఇది నా పట్టపురాణి" అనేవాడు. నేను గర్వంతో ఉబ్బిపోయేదాన్ని.

ఆ ఏడు దసరా వచ్చింది. ఆయుధపూజకు మా వసారాలో తెల్లటి దుప్పటి పరిచి, నాయన తెల్లవారకముందే ఉలులు, బాడిసలు, రంపాలు, చివర్న శికంజా, తన చేత్తో వరసగా పేర్చి స్నానానికి పోయాడు. కలప టాలు, అంటే కలప అమ్మే అడితి, నడిపే సేఠు కూడా పూజకు వస్తానన్నాడు. పని నచ్చితే టాలులోని రంపాలన్నీ నాయనకే ఇస్తానని మాటిచ్చాడు. ఆ మాట మీదే ఇంటి ఆశ అంతా ఉంది. పూజయ్యాక పనిముట్టు గడప దాటకూడదు కదా, అందుకని నాయన స్నానంలో ఉండగానే అతని మనిషి వచ్చి, పని చూడడానికని ముందు ఇచ్చిన వాళ్ళ రంపాన్ని వరస మధ్యలోంచి పట్టుకుపోయాడు. అమ్మ అది చూసింది. కానీ పండగ పూట కోడలు నోరు పారేసుకుంటే ఏడాదంతా ఇంట్లో పోరేనని నానమ్మ రాత్రే ఒట్టు వేయించుకుంది. పొద్దుట్నుంచీ అమ్మ పెదవి విప్పలేదు. గారెల వాసన, ఊదుబత్తి పొగ, ఎన్నడూ లేని నిశ్శబ్దం.

నాయన పట్టుపంచె కట్టుకుని వచ్చి కుంకుమ భరిణె అందుకున్నాడు. సేఠు చూస్తున్నాడని కాబోలు, దేన్నీ తడమకుండా, తను పేర్చినప్పటి ఎడం లెక్కనే వంగుతూ చకచకా బొట్లు పెట్టుకుంటూ పోయాడు. ఉలికి బొట్టు, బాడిసకు బొట్టు, రంపానికి బొట్టు. ఆ తర్వాత రంపం లేని చోట, వట్టి దుప్పటి మీద, అంతే భక్తిగా ఒక బొట్టు పెట్టి, అక్షింతలు చల్లి, కళ్ళకు అద్దుకున్నాడు.

చేతిలో గారె జారి పడింది. నా భుజం మీది ఆ చెయ్యి ఎందుకో, తలుపుల పని ఎందుకు మానేశాడో, అన్నీ ఒక్కసారి తలలో గిర్రున తిరిగాయి. మా నాయనకు కళ్ళు కనబడవు! చూపు లేనివాడి చేతికి రంపాలు ఇచ్చేదెవరు? సేఠు ఒకడు మానుకుంటే బజారంతా మానుకుంటుంది. గారెలు తింటున్న సేఠు అప్పుడే ఆకులోంచి తల ఎత్తుతున్నాడు. అంతలో అమ్మ చప్పుడు కాకుండా వంగి, వరస చివర ఉన్న మొసలిని ఎత్తి తెచ్చి, ఆ ఎర్రటి బొట్టు మీద కూచోబెట్టింది.

"ఏం మిస్త్రీ, శికంజాను నడిమిట్ల కూసోబెట్టినవ్?" అన్నాడు సేఠు.

నాయన చెయ్యి గాలిలో ఆగిపోయింది. "అన్నం పెట్టేది గదే గద సేఠ్‌జీ" అంది అమ్మ. సేఠు నవ్వి ఇంకో గారె అడిగాడు. మర్నాడు టాలు రంపాలు బండి మీద వచ్చాయి. ఊరికి నాయన సంగతి మెల్లగా తెలిసేనాటికి, ఆయన పదును చవిచూసినవాళ్ళెవరూ ఆయన్ను వదులుకోలేదు.

ఇప్పుడా పనే లేదు. బజారులో రంపాల పళ్ళు ఆకురాయికి లొంగవు, మొద్దుబారితే పారెయ్యడమే. పిల్లలు కరెంటు కట్టరు పట్టుకుని గుయ్యిమని కోసేస్తున్నారు, తలుపులు ప్లైవుడ్డువి వస్తున్నాయి. మొన్న ఆ పట్టును ఒళ్ళో పెట్టుకుని తుడుస్తూ అమ్మనడిగాను, ఆ దసరానాడే కదా నీకూ తెలిసింది అని.

"దసరా ఏంది? దానికి ముందు ఎండాకాలంలనే ఎరుక. వాకిట్ల ముగ్గు తొక్కిండు. పెండ్లైన కాడికెల్లి ఒక్కనాడు తొక్కనోడు."

"తెలిసి కూడ అట్ల తిట్టినవా అమ్మా?"

"తిట్టకుంటే బిందె యాడున్నదో ఆయనకెట్ల తెలుస్తది? మెల్లగ చెప్తే మీ నానమ్మకు, గిరాకోల్లకు అనుమానం రాదా? ఆ పండగనాడే మీ నానమ్మ నా నోరు కట్టేసింది. రంపం పోయిందని చెప్పలేకపోయిన."

ఎడమ చేతి కాడ చెంబు. తలుపులో బిందె. గోడ పొంటి నడువు. మోకాలి కింద ఆకురాయి. ఇన్నేళ్ళుగా నేను గయ్యాళితనమనుకున్న ఆ గొంతు పట్టుకుని మా నాయన ఇల్లంతా తిరిగాడు!

"మరి నీకు తెలుసని నాయనకు తెలుసా?"

"ఆయన చెప్పలే, నేనడగలే." "ఒకపారి నాకు జరమొచ్చి మాట పడిపోయి పండుకుంటే, తడుముకుంట వచ్చి మంచం కాడ కూసున్నడు. ‘ఇయ్యాల తిట్టవేందే’ అన్నడు. గంతే."

అమ్మ లేచి పెరట్లోకి పోయింది. నాకు ఏడుపు ఆగలేదు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, ఆ పాత తిట్టు ఒక్కటైనా వినబడుతుందేమోనని, కావాలనే ఆ మొసలిని తీసుకుపోయి వంటింటి గడప మీద అడ్డంగా పెట్టి, పక్కన నిలబడ్డాను. అమ్మ వచ్చింది. ఆగి దాన్ని చూసింది. చీర కుచ్చెళ్ళు కొంచెం పైకి పట్టుకుని, దాటుకుని, ఒక్క మాటైనా అనకుండా లోపలికి పోయింది.