దానెలన్న వేళ్లు పోయింది నా వల్లనే

నిన్న పొద్దుగాల ఛాయ్ తాగుతుంటే ఫోనొచ్చింది. దానెలన్న చిన్న కొడుకు.

"కాకా, బాపు పోయిండు" అన్నడు.

ఎవల బాపు అని అడిగిన. సిగ్గులేకుంట అట్లనే అడిగిన. దిమాక్ పనిచెయ్యలే.

మొన్న సాయంత్రమే మాట్లాడిన కదా. మోకాలికి ఏం నూనె రాస్తున్నవురా అని అడిగిండు, మంచిగ నవ్విండు. పండుకున్నోడు మళ్ల లేవలేదంట.

గింతేనా? మనిషి పోవుడు గింత సులువా?

బస్సెక్కి ఆసిఫాబాద్ పోయిన. పెట్టెల పండుకోబెట్టి ఛాతి మీద చేతులు పెట్టిండ్రు. ఎడమ చేతికి మూడే వేళ్లు.

నా పక్కన నిలవడ్డాయన ఎవలో, మెల్లగ అన్నడు. "ఊరందరికి జాగ్రత్త చెప్పిండు గని, పాపం తనే జాగ్రత్త పడలే."

అది తప్పు మాట అని నేను అక్కడ చెప్పలే. అందుకే ఇయ్యాల రాస్తున్న.

తెల్వనోళ్లకు చెప్తున్న. దానియేలు మేస్త్రీ అంటే ఆసిఫాబాద్‌ల మా కట్టె కార్ఖానకు పెద్ద. మాకందరికి దానెలన్న. ఎనభైలల్ల ఆయన చేతికింద ఏడేండ్లు పనిచేసిన. తలుపులు, కిటికీలు, మంచాలు. టేబుల్ నడుమ గుండ్రటి బ్లేడు తిరిగే కోత మిషిన్ ఒకటుండె. దాని కాడికి ఎవ్వలు పోయినా ముందు ఆయన కన్ను పడాలె.

మొదటి వారంల నేను మెడకు కొత్త దస్తీ కట్టుకొని స్టైల్‌గ పోయిన. అన్న దాన్ని విప్పి పొట్టు పొయ్యిల ఏసిండు. నేను మొకం మాడ్చుకుంటే, "దస్తీ పోతే దస్తీ దొరుకుతది, మెడ యాడ దొరుకుతదిరా" అన్నడు.

చొక్కా చేతులు మోచేతుల దాక మడవాలె. చెక్కకు ఎదురుంగ నిలవడద్దు, జర పక్కకు నిలవడాలె. చివరి జానెడు చెక్కను చేత్తోని కాదు, కర్రతోని తొయ్యాలె. స్విచ్ బంద్ చేసినా బ్లేడు ఆగెదాక చెయ్యి పెట్టద్దు. రోజూ ఇదే పాట. మేం ఎనుక నవ్వుకునేటోళ్లం కూడ.

పెద్ద చెక్కకు ఇద్దరు కావాలె. ముందట అన్న తోస్తడు, అవుతల దిక్కు నేను పట్టుకుంట. "అవుతలోడు చెయ్యి ఇడిస్తే ఇవుతలోని చెయ్యి పోతది. కలెక్టరొచ్చినా తల ఎత్తకు. మిషిన్‌కు చుట్టరికం తెల్వది" అని ఎన్నిసార్లు చెప్పిండో.

గప్పుడే నాకు మంథని దిక్కు సంబంధం నడుస్తుండె. పిల్లను చూసొచ్చినం, మాట ఖాయం కాలే. ఒకరోజు పిల్ల తండ్రి చెప్పకుంట కార్ఖానకొచ్చిండు. పిలగాడు పని చేస్తడా, ఊకె తిరుగుతడా చూద్దామని.

అన్న, నేను పెద్ద టేకు చెక్క కోస్తుంటే వాకిట్ల తెల్ల ధోతి కనవడ్డది. తల ఎత్తిన. కాబోయే మామ.

దండం పెట్టకపోతే మర్యాద లేదంటడేమో అని బుగులు. చెక్క ఇడిసి, రెండు చేతులెత్తి దండం పెట్టిన.

మిషిన్ తిరుగుతనే ఉండె.

టేకు చెక్క నా దిక్కు బరువుకు వాలింది. బ్లేడు దాన్ని అందుకొని అన్న మీదికి ఇసిరికొట్టింది. దాని మీద అదిమి పట్టిన ఆయన ఎడమ చెయ్యి జారి బ్లేడు మీద పడ్డది.

అన్న అరవలే. కుడి చేత్తోని ముందు స్విచ్ బంద్ చేసిండు. తువాల చుట్టుకున్నడు. అది చూస్తుండంగనే ఎర్రగయింది. మా మామ దిక్కు తిరిగి, "నాదే తప్పు, ఎటో చూసిన. పిలగాడు మంచిగనే పట్టిండు" అన్నడు.

నేను అన్నను దవాఖానకు తీస్కపోయిన.

దవాఖాన మంచం మీదకెల్లి కూడ అదే మాట. "నువ్వు ఎవలకు చెప్పకు. పిల్లనిచ్చెటోళ్లు ఎనుకకు పోతరు. నాది పాత చెయ్యి, ఎట్లనన్న నడుస్తది. నీ సంసారం ఇంక మొదలే కాలే."

పెండ్లయింది. చేతికి కట్టుతోని వచ్చి ముందట కూసున్నడు, కడుపునిండ తిన్నడు.

ఆ తర్వాత కొత్తగ వచ్చిన ప్రతోనికి ఆ చెయ్యి చూపెట్టి, "సోయి లేకుంటే గిట్లయితది" అని చెప్పేటోడు. నేను పక్కనే ఉండేటోన్ని. ఒక్కనాడు కూడ నా దిక్కు చూడలే.

చెప్త, చెప్త అనుకుంటనే ఇన్నేండ్లు గడిపిన. పోయిన క్రిస్మస్‌కు ఆయన పిల్లల ముందట చెప్పుదామనే పోయిన. కేక్ తిని, బిర్యానీ తిని వచ్చిన. పిరికోన్ని.

ఇయ్యాల పొద్దుగాల మా ఇంటామెకు చెప్పిన. కాపురంల మొదటిసారి. బియ్యం ఏరుతుండె. తల కూడ ఎత్తలే.

"నాకెరుకే" అన్నది. "నువ్వు దండం పెట్టింది మా బాపుకే కదా. ఆయనకు కండ్లు లేవా?"

మరి పిల్లనెట్ల ఇచ్చిండే అని అడిగిన.

"వేళ్లు తెగి నెత్తురు కారుతుంటే కూడ ఆయన నిన్నే కాపాడిండు. గసుంటోని చేతికింద పెరిగినోడు చెడిపోడని ఇచ్చిండట. బాపు పోయేముందు చెప్పిండు."



మామ నన్ను చూసి పిల్లనియ్యలే. దానెలన్నను చూసి ఇచ్చిండు. ఆ సంగతి తెల్వకుంటనే అన్న పోయిండు. నేను ముందే ఇంట్ల ఒక్కసారి నోరు తెరిస్తే అన్నకు తెలుస్తుండె.

అన్న బిడ్డలారా, మీ బాపు ఆ రోజు ఎటూ చూడలే. ఆయన చూపు బ్లేడు మీదనే ఉండె. చెయ్యి ఇడిసింది నేను. మీ పిల్లలకు కూడ ఇట్లనే చెప్పుండ్రి.

పోయిరా అన్నా. ఆ ప్రభువు దగ్గర నిమ్మలంగ ఉండు.