పై పోర్షన్‌కి వచ్చిన నోటీసు

మొన్న డెలివరీ అతను గేటు దగ్గర నిలబడి, "పై పోర్షన్ వాళ్ల పార్సిల్ అంకుల్, జర మీరు సంతకం పెట్టుండ్రి" అన్నాడు. వాళ్లొచ్చాకే తెచ్చివ్వమని పంపించేశాను. కుక్కర్ గాస్కెట్‌కి ఇంత రాద్ధాంతమా అని మా ఆవిడ నవ్వింది. కారణం ఆమెకూ తెలుసు, అయినా నవ్వింది. నలభై ఏళ్ల కాపురం తర్వాత ఆ మాత్రం హక్కు ఉంటుంది కదా.

కొన్నేళ్ల కిందట ఆ పై పోర్షన్‌లో ఒకావిడ, ఆరేళ్ల కూతురితో ఉండేది. పెద్ద అంబర్‌పేట్ దాటాక హైవేకి లోపలగా ఉన్న ఒక ఊరు వాళ్లది. మా దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లం కులం సూటిగా అడగం. ఇంటిపేరేంటి, ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు, వంటలో ఏమేం వండుకుంటారు అంటూ చుట్టూ తిరిగి అక్కడికే చేరతాం. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చి స్థిరపడిన నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆవిడ రెండో ప్రశ్న దగ్గరే ఆపేసింది. "మేము ఎస్సీలం సార్. మా ఆయనను ఊర్ల కొట్టి సంపిన్రు. కేసు నడుస్తుంది. ఇస్తే ఇయ్యిండ్రి, లేకుంటే ఇంకో ఇల్లు సూసుకుంట." ఇచ్చాను. ఇచ్చినందుకు నన్ను నేను ఎంత మెచ్చుకున్నానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. పార్కులో నడిచేటప్పుడు స్నేహితులకి, వాళ్లు అడక్కపోయినా చెప్పుకున్నాను.

ఆవిడ భర్త తన తమ్ముడి పెళ్లి బరాత్‌ను పెద్దకులాల వీధి గుండా తీసుకెళ్లాడు. మర్నాడు పొలం దగ్గర ఆ వీధివాళ్లు ముగ్గురు కాపుకాసి అతన్ని ఇనుప రాడ్లతో కొట్టారు. కళ్లారా చూసింది ఆ తమ్ముడొక్కడే. అప్పటికి ఆ ముగ్గురూ జైల్లో ఉన్నారు, ఆవిడ పిల్లని తీసుకుని ఇక్కడికొచ్చి టైలరింగ్ షాపులో జాకెట్లు కుట్టేది.

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ షాపులో ఉండగా కానిస్టేబుల్ వచ్చాడు. "ఎల్బీనగర్ కోర్టు నోటీసు. నిందితులు బెయిల్ అడిగిన్రు, ఆమెకు తెలపాలె" అన్నాడు. గేటు ముందు పోలీసు బండి, ఎదురింటి బాల్కనీలో అప్పటికే రెండు తలకాయలు. అతను ఎంత తొందరగా కదిలితే అంత మంచిదని "ఇంటి ఓనరు" అని రాసి సంతకం చేశాను. కాగితం ఫ్రిజ్ మీద పేపర్ల కింద పెట్టాను. "ఇవాళే ఇచ్చెయ్యండి" అంది మా ఆవిడ. సర్కారు వకీలు చూసుకుంటాడు, ఈవిడ వెళ్లి చేసేదేముంది, అనవసరంగా ఏడుస్తుంది అన్నాను. దాన్ని దయ అనుకున్నాను. నిజానికి భయం. ఒకసారి మొదలైతే నా గుమ్మంలోకి పోలీసులూ వకీళ్లూ వస్తూనే ఉంటారని, వీధి చూస్తుందని.

బెయిల్ వచ్చేసింది. ఊరి నుంచి ఫోనొచ్చాక ఆవిడ మెట్ల మీదే కూలబడింది. "నాకు ఒక్క మాట సెప్పలే సార్. నన్ను అడగకుండ ఎట్ల ఇడిసిపెడతరు?" అంది. మంచినీళ్లు తెచ్చిచ్చాను. కాగితం మాత్రం తేలేదు.

ఆవిడ వకీలు ఒక చురుకైన అమ్మాయి, హైకోర్టులో అప్పీలు వేసింది. ఎస్సీ, ఎస్టీల మీద దాడి కేసుల్లో బెయిల్ ఇచ్చేముందు బాధితుల మాట వినితీరాలని చట్టమే చెబుతోందట. నోటీసు ముట్టింది కదా అని అవతలి వకీలు నా సంతకం చూపించాడు. ఆ సాయంత్రం ఇద్దరూ దాని జిరాక్స్ పట్టుకుని మా వరండాలోకి వచ్చారు. "ఇది మీ సంతకమేనా సార్?" అంది వకీలమ్మాయి. నేను లోపలికెళ్లి అసలు కాగితం తెచ్చాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ నిలబడే చదువుకుని, నాలుగు మడతలు పెట్టింది. "మీరు నాకు ఇయ్యలేదని రాసియ్యిండ్రి. ఇంకేమొద్దు" అంది.

అఫిడవిట్ రాసిచ్చాను. వాళ్లు కొట్టారా లేదా అన్నదాని జోలికి హైకోర్టు పోనేలేదు. ఆమెకు తెలియజేయలేదు, ఆమె మాట వినలేదు, కాబట్టి ఆ బెయిల్ చెల్లదంది. ముగ్గుర్నీ లొంగిపొమ్మని, ఆమె మాట విని మళ్లీ తేల్చమని ఎల్బీనగర్‌కి పంపింది. అక్కడ మళ్లీ విన్న రోజు నేనూ వెళ్లి కోర్టులో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆవిడ మాట్లాడింది రెండు నిమిషాలు. "వాళ్లు బయట ఉన్నన్ని దినాలు మా మరిది ఇంటి ముంగట బండ్లు ఆపుకొని కూసున్నరు సార్. ఏమనలే, కొట్టలే. ఊకెనే కూసున్నరు. గిప్పుడు ఆయన నా ఫోన్ ఎత్తుత లేడు."

ఈసారి బెయిల్ ఇవ్వలేదు. బయటికొచ్చాక వకీలమ్మాయి నాకు థాంక్స్ చెప్పింది, తలెత్తి చూడలేకపోయాను. తర్వాత విచారణలో మరిది బోనెక్కి, ఆ రోజు తను పొలం వైపే వెళ్లలేదన్నాడు.  ఆ వేసవిలో ఆవిడ హయత్‌నగర్‌లో ఇల్లు చూసుకుని వెళ్లిపోయింది.

ఆ ముగ్గురూ బయట ఉన్నది ఆరు వారాలు. నా వయసువాడికి ఆరు వారాలంటే బీపీ మాత్రల షీట్లు మూడు అయిపోయేంత కాలం. అన్నను కొడుతుంటే చూసిన తమ్ముడు, చూడలేదని చెప్పే మనిషి కావడానికి ఆ కాలం సరిపోయింది.