బావ నల్లద్దాలు

మా ఇంట్లో తప్పులు పట్టే ఉద్యోగం మా బావది. మేనబావనే చేసుకున్నాను కాబట్టి చిన్నప్పటి నుంచీ భరిస్తున్నాను. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక రాజాంలో మా ఫొటో స్టూడియోకి గిరాకీ పడిపోయింది. దాంతో పొందూరు ఖద్దరు మీద నీలిరంగు ఫొటోలు వేయడం మొదలుపెట్టాం. మందు పూసి ఆరబెట్టిన గుడ్డ మీద నెగెటివ్ పెట్టి ఎండలో ఉంచితే బొమ్మ పడుతుంది. నీళ్లలో జాడిస్తే నీలం తేలుతుంది. నేను ఎంత బాగా వేసినా బావ ఏదో ఒక వంక పెట్టేవాడు, నేను కయ్యానికి దిగేదాన్ని.

వానాకాలంలో ఎండ ఎక్కడిది? అందుకని బావ స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లు వాడే అతినీలలోహిత దీపం కొని, చెక్కపెట్టెలో బిగించాడు. దాంతో పాటు పక్కలు కూడా మూసి ఉండే తెల్లటి కళ్లజోడు ఒకటి ఇచ్చారు.

"ఇందులోంచి అన్నీ కనిపిస్తన్నాయి. ఇదేటి ఆపుతాదే?" అని దాన్ని మూలన పడేసి, సంతలో కొన్న నల్లద్దాలు పెట్టుకున్నాడు. హీరోలా ఉన్నానా అని అడిగాడు కూడా. ఇక బొమ్మ పడుతోందో లేదోనని, దీపం వెలుగుతుండగానే మాటిమాటికీ మూత ఎత్తి తొంగిచూడటమే. వద్దంటే వింటేగా!

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "ఒసే, కళ్లల్లో ఇసక పోసినట్టున్నాదే" అన్నాడు. కాసేపటికి రెప్ప ఎత్తలేకపోయాడు. ఆటోలో కంటి డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం.

"పగలంతా బాగానే ఉన్నానమ్మా. నల్లద్దాలు కూడా ఎట్టుకున్నాను" అన్నాడు బావ. దీపంతో ఇచ్చిన కళ్లజోడు మూలన పడేసిన సంగతి నేను చెప్పాను.

"కాలినప్పుడు తెలీదు, గంటలు గడిచాక మంట మొదలవుతుంది" అందావిడ. "అద్దం నల్లగా ఉంటే చాలదు, ఆ కిరణాల్ని ఆపేదై ఉండాలి. మీరు మూలన పడేసిందే అసలుది."

చూపుకేమైనా అవుతుందా అని నేను అడిగితే, మందు వేసి చూద్దాం అంది. ఆ "చూద్దాం" నన్ను నిద్రపోనివ్వలేదు.

బావ కళ్లు మూసుకుని మంచం మీద ఉంటే, ఒప్పుకున్న పని నేనే చేశాను. తెల్ల కళ్లజోడు పెట్టుకున్నాను. దీపం ఆరేదాకా మూత ముట్టుకోలేదు.

కళ్లు తెరవొచ్చని డాక్టరమ్మ చెప్పిన రోజు, నేను ఒకావిడ ఫొటో వేసిన గుడ్డ అతని ముందు పట్టుకుని నిలబడ్డాను. బావ కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు.

"ఎడం సెవి కాడ మసగ్గా ఉన్నాది. నెగెటివ్ కదిలిపోనాదే."

ఇంకో రోజైతే ఆ గుడ్డ అతని మొహాన కొట్టేదాన్ని. ఆ రోజు మాత్రం ఏడుపొచ్చేసింది.

"ఇంకా ఏటేటి తప్పులున్నాయో సూసి సెప్పు బావా" అన్నాను.