క్యాబేజీ ఏ సబ్జెక్టు?

"...అయితే మీ అమ్మ వంటింట్లో పిండి పులిసిందని ఆవిడకీ కెమిస్ట్రీ డిగ్రీ ఇచ్చేద్దామా?"

"మా అమ్మ సంగతెందుకు మేడమ్? నేను చదివిన క్లాసు సంగతి చెప్పండి!"

"చెప్పాగా. కెమిస్ట్రీ కాదు."

తలుపు వెనక ఆ రెండో గొంతు మా విద్యార్థిని యెసేనియాది, మొదటిది వెర్లీన్ ఓస్ట్రాండర్‌ది. నెబ్రాస్కాలోని మా చిన్న కాలేజీలో డాక్టర్లు, పళ్ల డాక్టర్లు కాబోయే పిల్లల దరఖాస్తులు చూసేది వెర్లీనే. దరఖాస్తులో ప్రతి క్లాసునూ ఏదో ఒక సబ్జెక్టు కింద చూపించాలి. ఏ శాఖ వాళ్లు చెప్పారన్నది కాదు, పాఠంలో సగానికి మించి ఏముందన్నదే లెక్క. ఏళ్ల తరబడి ఆ పని చేసి చేసి ఆవిడ లోకం మొత్తాన్నీ అలాగే చూసేది.

ఆవిడ గది తలుపు బయట బల్ల నాది కాబట్టి నేనూ తప్పించుకోలేదు. నా విడాకుల కబురు చెబితే కాసేపు ఆలోచించి, "నాటకం," అంది. "ముందు లెక్కలనుకున్నాను. కానీ సగానికి మించి నాటకమే."

ఆఫీసు విందుకి నేను పొరలు పొరలుగా ఓవెన్‌లో కాల్చి తెచ్చిన బంగాళాదుంపల కాసరోల్‌ని చెంచాతో పొడిచి చూసి, "భూగర్భశాస్త్రం," అంది. రెండుసార్లు వడ్డించుకుంది కూడా.

ప్రసంగం ఎలా ఉందని అడగడం పాస్టరుగారి పొరపాటు. "సగం తత్వశాస్త్రం, సగం చర్చి పైకప్పుకి చందాలు. సరిగ్గా సగం సగం. వచ్చే ఆదివారం ఎటో ఒకవైపు మొగ్గండి, నేను తేల్చుకోలేకపోతున్నాను."

యెసేనియా తల్లిదండ్రులు ఊరి చివర మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఆ పిల్లకి పళ్ల డాక్టరు కావాలని పట్టుదల. ఫిజిక్స్ దెబ్బ తీయడంతో సైన్స్ సగటు డెంటల్ కాలేజీ అడిగినదానికి వెంట్రుకవాసి తక్కువైంది. గృహవిజ్ఞాన శాఖలో చదివిన 'పులియబెట్టే ఆహారాలు' క్లాసులో మాత్రం 'ఏ' గ్రేడు. అది సైన్స్ కిందికి వస్తే గట్టెక్కుతుంది. వంట కిందికి పోతే ఇంకో ఏడాది ఆగాలి.

ఆ రోజు యెసేనియా బయటికొచ్చి తలుపు ధడాలున వేసింది. "ఈవిడకి గుండె లేదండీ," అంది నాతో.

"గుండె బయాలజీ," అని వినిపించింది లోపల్నుంచి.

ఆ చలికాలం నుంచి వెర్లీన్ మంగళవారం మధ్యాహ్నాలు మాయమయ్యేది. తిరిగొచ్చాక గదంతా పుల్లటి వాసన. ఊళ్లో మాంసం సాసేజ్‌లు అమ్మే కొట్టాయనతో ఏదో నడుస్తోందని ఆఫీసులో గుసగుసలు.

ఉండబట్టలేక అడిగాను. "ప్రేమ ఏ సబ్జెక్టు, వెర్లీన్?"

"నీకు సంబంధం లేని సబ్జెక్టు."

మే నెలలో ఒకరోజు యెసేనియా మరోసారి బతిమాలదామని వచ్చి మా గదిలో కూర్చుంది. అంతలో పులియబెట్టే ఆహారాల క్లాసు చెప్పే లుండీన్ గారు తడిసిన ఏప్రన్‌తో ఊడిపడ్డారు.

"ఏదీ మీ వెర్లీన్? ఆవిడ క్యాబేజీ పులియబెట్టిన సీసా పొంగి నా క్లాసంతా క్యాబేజీ నీళ్లు!"

"మీ క్లాసులో ఆవిడకేం పని?" అన్నాను.

"జనవరి నుంచీ నెత్తికి జుట్టు రాలకుండా వల కట్టుకుని పిల్లలతోపాటు కూర్చుంటోందయ్యా! మైక్రోస్కోపు దగ్గర ఇంకొకరికి చోటివ్వదు. పాఠం అవగానే 'ఇప్పుడు చెప్పింది వంటా, సైన్సా?' అని నా ప్రాణం తోడేస్తోంది. ఎవరో అమ్మాయి దరఖాస్తు మీద డెంటల్ కాలేజీ వాళ్లు ఎదురు ప్రశ్న వేస్తే, 'నేనే కూర్చుని విన్నాను' అని తను చెప్పాలట!"

యెసేనియా కుర్చీలోంచి లేచి నిలబడింది.

అప్పుడే వెర్లీన్ వచ్చింది. నెత్తిన వల, చేతిలో తడిగుడ్డ. "తుడిచేశాను, అరవకండి," అంది లుండీన్ గారితో. తర్వాత యెసేనియా వైపు తిరిగింది.

"అలా చూస్తావేం పిల్లా? కెమిస్ట్రీ కాదని అప్పుడే చెప్పాను."

"చెప్పారు మేడమ్."

"ఇప్పుడూ అదే చెబుతున్నాను. ఆ సీసాలో ఉన్నవన్నీ బతికున్నాయి. సగానికి మించి పాఠం వాటి గురించే." వెర్లీన్ వల తీసి బల్ల మీద పెట్టింది. "బయాలజీ కింద వెయ్యి."