డోరులో కుక్కిన పత్తి

ఇన్నేళ్లుగా నేను మోసిన బరువెంతో తెలుసా మీకు? రెండు చేతులకు పట్టేంత పత్తి. అంతే. పత్తికి బరువేమిటని నవ్వకండి, నీళ్లు పీల్చిన పత్తిని ఒకసారి ఎత్తి చూడండి. నిన్న దాన్ని దించేశాను. సత్తెనపల్లిలో టీకొట్టు దగ్గర, పదిమందీ వింటుండగా, గొంతు చించుకుని మరీ దించాను. ఇవాళ పొద్దున లేచేసరికి ఏదో పందెం గెలిచినవాడిలా ఉన్నాను. తప్పు చేసినవాడు ఇంత హుషారుగా ఉండొచ్చా? ఉండకూడదేమో. కానీ ఉన్నాను. లేనని ఇంకో అబద్ధం ఎందుకు చెప్పాలి?

నా పేరు అడగొద్దు. పత్తి, మిర్చి వేసుకునే రైతును. ట్రాక్టరు మోత విని ఏ నట్టు వదులైందో చెప్పేస్తానని ఊళ్లో నాకు పేరు. ఆ పేరంటే నాకు పిచ్చి. అసలు జబ్బంతా అక్కడే ఉంది.

మా బావ, అంటే మా అక్క మొగుడు, ఒక పాత కారు కొన్నాడు. కొన్న వారానికే డిక్కీలో పెద్ద సబ్‌వూఫర్, అదే దబ్బుదబ్బుమనే స్పీకరు, పెట్టించాడు. పెట్టినవాడు కోటి. పదో తరగతి దాకా నా పక్క బెంచీ, సత్తెనపల్లిలో కార్ల డెకరేషన్ కొట్టు నడిపేవాడు. డోర్లలో స్పీకర్లూ వాడే బిగించాడు. ఆ పని జరిగినంతసేపూ నేను స్టూలు మీద కూర్చుని చూస్తున్నాను. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. డోరు లోపల ఒక ప్లాస్టిక్ షీటు అతికించి ఉంటుంది, అద్దం మీంచి జారే వాననీళ్లు కారు లోపలికి రాకుండా. కోటి దాన్ని ఎక్కడా చిరగకుండా ఊడదీసి, మళ్లీ అంచులన్నీ వేలితో నొక్కి అతికించాడు. నా కళ్లతో చూశాను.

పాట పెడితే బేస్ అదిరింది. దాంతోపాటు కారూ అదిరింది. దబ్బుమన్నప్పుడల్లా నంబరు ప్లేటు టకటక, డోర్లు గరగర. ప్లేటు వెనక ఫోమ్ ముక్క పెట్టి బిగించేసరికి అది నోరు మూసుకుంది. డోర్ల రేకు అదరకుండా ఉండాలంటే మాత్రం లోపల మందపాటి షీట్లు అతికించాలనీ, ఆ సరుకు గుంటూరు నుంచి రావాలనీ, నాలుగు రోజులు ఆగమనీ అన్నాడు కోటి. బావ ఎక్కడ ఆగుతాడు? మర్నాడే తన స్నేహితుడి పెళ్లి ఊరేగింపు, పెళ్లికొడుకు కారు వెనకాల పాటల కారు మాదే. ఈ గరగరతో వెళితే బండిలో వంటసామాను వేసుకొచ్చారా అంటారని బావ తల పట్టుకున్నాడు. నేను చూసుకుంటాలే బావా అన్నాను.

మా వరండాలో అప్పుడే తీసిన పత్తి గుట్టగా ఉంది. ఇంకేం కావాలి? డోరు ప్యాడు, అదే లోపలి వైపు అట్ట, ఊడదీశాను. షీటు లాగితే రాలేదు, గట్టిగా లాగితే చిరిగింది. చిరిగిన చోటు నుంచే పిడికిలితో పత్తి కుక్కాను, ఇక పట్టదు అనేదాకా. రెండో డోరుకీ అంతే. ప్యాడు మూసి పాట పెట్టాను. బేస్ తప్ప ఇంకో చప్పుడు లేదు. బావ నన్ను అమాంతం ఎత్తుకున్నాడు. మర్నాడు ఊరేగింపులో బ్యాండువాళ్లు వాయించడం మానేసి మా కారు చుట్టూ మూగారు. ఆ సంబరం ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు పొంగుతుంది, చూడండి, సిగ్గు లేదు నాకు.

డోరులోకి దిగిన వాననీళ్లు అడుగున ఉండే చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలట. నాకు తెలీదు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. పత్తి తాగినంత తాగి, ఆ రంధ్రాలకు అడ్డంగా కూర్చుంది. వానాకాలం పోయేసరికి అద్దం పైకి రావడం మానేసింది, కారు ఎక్కితే కుళ్లు వాసన, డోరు అడుగున వేలు పెడితే దూరిపోయేంత తుప్పు. టింకరింగ్ షెడ్డుకి ఇచ్చే ముందు ఒక్కపూట నా దగ్గర వదిలిపెట్టు బావా, శుభ్రం చేసిస్తానన్నాను. పత్తంతా పీకేశాను. నల్లగా, జిగురుగా, ముద్దలు ముద్దలుగా వచ్చింది. తీసుకెళ్లి మిరపచేను గట్టున గొయ్యి తీసి పాతిపెట్టాను. పత్తి కుక్కినప్పుడు నాది తెలివితక్కువతనం. పాతిపెట్టినప్పుడు ఏమిటి? అప్పటికి నాకు అన్నీ తెలుసు గదా?

షీటు చిరిగి ఉంది, బిగించినవాడు సరిగ్గా బిగించలేదు అన్నాడు షెడ్డువాడు. బావకి కోపమొస్తే ఆగడు. నన్ను వెంటబెట్టుకుని నేరుగా వెళ్లి, కోటి కొట్టు పక్కనున్న టీకొట్టు ముందు నిలబడి నానా మాటలూ అన్నాడు. జనం పోగయ్యారు. కోటి చేతిలో స్క్రూడ్రైవరుతోనే బయటికొచ్చి, బావ వైపు కాదు, నా వైపు చూశాడు.

"ఒరేయ్, నువ్వు పక్కనే ఉన్నావు గదరా. చెప్పు. నేను షీటు చింపానా?"

"నాకేం తెలుసురా. నేను మధ్యలో టీకి పోయాను గదా."

అంతే. ఆ ఒక్క ముక్క. కోటి స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. కొట్లోకి వెళ్లిపోయాడు.

బావ నోరు ఊరుకునేది కాదు. పత్తి కొనుగోళ్ల దగ్గర, మిర్చి లారీల దగ్గర, ఎవరు కలిస్తే వాళ్లకి చెప్పాడు. డోర్లు కుళ్లబెట్టే కోటి అని పేరు పడిపోయింది. కొట్టుకి వచ్చేవాళ్లు తగ్గారు, తర్వాత అసలు రావడం మానేశారు. కోటి షట్టరు దించి, సింగరాయకొండ దగ్గర హైవే మీద ఎవరి కొట్లోనో పనికి కుదిరాడు.

నాకేమో పేరు పెరిగింది. చుట్టాల్లో ఎవరి కారు గరగరమన్నా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. ఈసారి పని సరిగ్గా నేర్చుకున్నాను. పాట నడుస్తుండగా ఒక్కో చోటా అరచెయ్యి నొక్కి చూడాలి, ఎక్కడ నొక్కితే మోత ఆగుతుందో జబ్బు అక్కడే. ప్లాస్టిక్కులు రాసుకునే చోట బట్ట టేపు, రేకుకి మందపాటి షీటు. మిర్చి శాంపిల్ సంచులు డిక్కీలో వేసుకు తిరిగే మావాళ్ల కార్లలోనైతే సగం మోత స్టెప్నీ గుంతలో పడ్డ మిరపగింజలదే, ఊడిస్తే పోతుంది. ఒక్కో కారూ నోరు మూసుకున్నప్పుడల్లా అందరూ భేష్ అనేవాళ్లు. నాకు మాత్రం టీకి పోయానన్న మాట గుర్తొచ్చేది. ఎందుకు చెప్పలేదు? బావ తిడతాడనా? కాదు. ఆ భేష్ పోతుందని.

మొన్న బావ కొత్త కారు కొన్నాడు. మా ఇంట్లో భోంచేస్తూ, "డోర్లకి షీట్లు నువ్వే వెయ్యాలి బామ్మర్దీ, నీ చెయ్యి పడితే మోత ఉండదు" అన్నాడు. నా చెయ్యి పడే ఆ పాత డోర్లు కుళ్లాయి బావా అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. ఇక ఆపలేదు, గొయ్యి దాకా అంతా చెప్పేశాను. బావ పెరుగన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. కారెక్కమన్నాడు. సింగరాయకొండ దారి పట్టించి, అద్దంకి దాటేదాకా హారను కొడుతూనే ఉన్నాడు. దాటాక నన్ను తిట్టాడు. తర్వాత తనను తాను తిట్టుకున్నాడు.

హైవే మీద కొట్లో కోటి కనిపించాడు, జుట్టు నెరిసింది. ఓనరూ, పనివాళ్లూ వింటుండగా చెప్పాను. వాడు ఒక డోరు ప్యాడు బిగిస్తూనే విన్నాడు.

"ఆ రోజు నీకు స్టూలు దగ్గరికే టీ తెప్పించింది నేనే గదరా" అన్నాడు. ఇంకో స్క్రూ బిగించి, "ఇక్కడ చెబితే ఏం లాభం? ఇక్కడ నన్నెవరూ ఏమీ అనలేదు. సత్తెనపల్లిలో చెప్పు" అన్నాడు.

నిన్న వెళ్లాను. అదే టీకొట్టు. పత్తి ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి, జనం బాగా ఉన్నారు. బెంచీ ఎక్కాను. డోర్లు కుళ్లబెట్టింది కోటి కాదు, నేను, షీటు చింపింది నేను, అబద్ధమాడింది నేను అని అరిచాను. పక్కన నిలబడి బావ కూడా, వాణ్ణి ఇక్కడే అనరాని మాటలన్నాను, అవన్నీ తప్పు అన్నాడు. ఇన్నాళ్లూ ఏం చేశావురా అని ఒక పెద్దాయన అడిగాడు. అందరూ భేష్ అంటుంటే వింటూ కూర్చున్నానన్నాను. కానీ ఆ బెంచీ మీద గట్టిగా నిలబడ్డాను. ఊరేగింపు రోజు కూడా అంత గట్టిగా నిలబడలేదు నేను.

అక్కణ్ణించే కోటికి ఫోన్ చేశాను. చెప్పేశానురా అన్నాను. ఎవరెవరు ఉన్నారని అడిగాడు. టీకొట్టాయన, ట్రాక్టర్లవాళ్లు, ఒకప్పుడు వాడి దగ్గరికి కార్లు తెచ్చి మానేసిన మా ఊరివాళ్లు, ఒక్కొక్కరి పేరూ చెప్పాను.  పోనీలే అంటాడేమోనని చూశాను. అనలేదు.

"మళ్లీ చెప్పు" అన్నాడు.

మొదటి పేరు నుంచి మళ్లీ చెప్పాను.